గుట్ట వయసెంత సార్?

మన పూర్వ విద్యార్థుల సంఘానికి యాభై ఏళ్లు నిండాయి. ఈ లెక్కలో ఎవరికీ పేచీ లేదు. మొదటి సమావేశం మినిట్స్ పుస్తకం ఉంది, చందా రసీదులు ఉన్నాయి, పాత గ్రూప్ ఫోటో ఉంది. బడి వయసు చెప్పడానికి హాజరు పట్టీలున్నాయి. బడి వెనక ఉన్న గుట్ట వయసు చెప్పడానికి ఏముంది?

ఈ ప్రశ్న నాది కాదు. తొమ్మిదో తరగతిలో కార్తీక మాసం వనభోజనాలకు ఆ గుట్ట మీదికి వెళ్లినప్పుడు మా బెంచీలోని మిత్రుడొకడు అడిగాడు: "సార్, ఈ గుట్ట ఎప్పటిది?" సారు జవాబు చెప్పేలోపే ఇంకొకడు "కాకతీయుల కాలంది సార్" అన్నాడు. పైన కూలిన గోడ ఒకటి ఉండేది కదా, దాన్ని చూసి. అందరం నవ్వాం. సారు నవ్వలేదు. "గోడ కాకతీయులదైతదేమో, గుట్టది గాదు. గుట్ట వయసు నాకు ఎర్క లేదు బిడ్డా. ఎట్ల తెలుసుకుంటరో మీల ఎవరన్న చదువుకొని వచ్చి చెప్పుండ్రి" అన్నారు.

తెలియనిది తెలియదని చెప్పిన ఆ సారు ఇప్పుడు లేరు. నేను భూగర్భ శాస్త్రం చదవలేదు, రోడ్ల ఇంజినీరునయ్యాను. కానీ రాళ్లతోనే నా ఉద్యోగం గడిచింది కాబట్టి ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఇన్నేళ్లలో చదివి తెలుసుకున్నది ఈ సంచిక ద్వారా అప్పజెబుతున్నాను. జవాబు మన కరీంనగర్, ఆదిలాబాద్‌ల నుంచి మొదలై అంగారక గ్రహం దాకా పోతుంది. (2016లో జిల్లాలు విడిపోయాయి గానీ, మనం చదువుకున్న నాటి పాత జిల్లాల పేర్లే వాడుతున్నాను.)

వరుస ముందు, వయసు తర్వాత

గడ్డివాములో అడుగున ఉన్న మోపు ముందు వేసింది, పైన ఉన్నది తర్వాత వేసింది. రాతి పొరలకూ అదే సూత్రం. భారత భూగర్భ సర్వేలో పనిచేసిన విలియం కింగ్ ఈ సూత్రంతోనే మన ప్రాంతాన్ని చదివాడు. సింగరేణి ఊరి దగ్గర బొగ్గును గుర్తించిన కింగ్ ఈయనే. 1881లో ప్రాణహిత–గోదావరి లోయ మీద పెద్ద గ్రంథం ప్రచురించాడు. అడుగున గ్రానైట్, దాని మీద పాత ఇసుకరాళ్లు, సున్నపురాళ్లు, వాటి మీద బొగ్గున్న పొరలు, ఆదిలాబాద్ పశ్చిమాన అన్నిటికీ పైన నల్లరాయి. ఇదీ వరుస. పొరలకు ఆయన పెట్టిన పేర్లు కూడా మన నేలవే: పాఖాల చెరువు పేరుతో ఒక వర్గం, సుల్లవాయి ఊరి పేరుతో ఒక వర్గం. మిగిలిన పొరలకూ అదే పద్ధతిలో ఎర్రపల్లి, భీమారం, మలేరి, ధర్మారం, కోట అని ఊళ్ల పేర్లే వచ్చాయి. ప్రపంచంలో ఏ దేశపు భూగర్భ శాస్త్రవేత్త అయినా మన లోయ గురించి రాయాలంటే ఈ ఊళ్ల పేర్లు పలకక తప్పదు.

అయితే కింగ్ ఏ పొరకూ ఏళ్లలో వయసు చెప్పలేకపోయాడు. ఎవరు పెద్ద, ఎవరు చిన్న అని మాత్రమే ఆయనకు తెలుసు. ఒకరి పుట్టిన తేదీ కూడా తెలియదు. అప్పటికి ఆ గడియారం ఎవరి దగ్గరా లేదు.

రాతిలో గడియారం

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో రేడియోధార్మికత అర్థమయ్యాక గడియారం దొరికింది. మన సైన్సు పుస్తకంలో చదివిన అర్ధ జీవితకాలం గుర్తుంది కదా? పరీక్ష కోసం బట్టీ పట్టిన ఆ మాటే దీనికంతటికీ ఆధారం.

పొటాషియంలో ప్రతి పదివేల పరమాణువుల్లో ఇంచుమించు ఒకటి పొటాషియం–40. అది మెల్లగా మారిపోతుంది. ఉన్నదాంట్లో సగం మారడానికి 125 కోట్ల సంవత్సరాలు పడుతుంది. మారినదాంట్లో నూటికి పదకొండు వంతులు ఆర్గాన్ వాయువు అవుతుంది. రాయి కరిగి ద్రవంగా ఉన్నప్పుడు ఆ వాయువు బయటికి పోతుంది. గట్టిపడ్డాక పోలేదు, స్ఫటికంలోనే చిక్కుకుంటుంది. గిన్నె మీద మూత పెట్టినట్టన్న మాట. మూత పడిన రోజు నుంచి ఎంత ఆర్గాన్ పోగైందో, ఎంత పొటాషియం మిగిలిందో కొలిస్తే మూత ఎప్పుడు పడిందో తెలుస్తుంది. యురేనియం సీసంగా మారడం ఇంకో గడియారం. గ్రానైట్‌లో ఉండే జిర్కాన్ అనే చిన్న గింజలు దానికి బాగా పనికొస్తాయి.

తెలుగు నేల రాళ్లను ఇలా కొలిచిన తొలితరం వారిలో ఆంధ్ర విశ్వకళాపరిషత్ ఆచార్యులు యు. అశ్వత్థనారాయణ ఒకరు. తూర్పు కనుమల, కడప రాళ్ల ఐసోటోపు వయసుల మీద ఆయన పత్రం 1964లో వెలువడింది. కరీంనగర్ గ్రానైట్ల వంతు కూడా తర్వాత వచ్చింది. వాటి వయసు సుమారు 250 కోట్ల సంవత్సరాలని తేలింది. 'టాన్ బ్రౌన్' పేరుతో విదేశాల వంటగదుల్లోకి వెళ్తున్న మన గోధుమరంగు రాయి ఈ ప్రాంతానిదే.

గ్రానైట్‌తో ఇబ్బంది లేదు, అది కరిగి గట్టిపడిన రాయి. ఇసుకరాయి దగ్గరే చిక్కు. కూలిన గడి రాళ్లు తెచ్చి బడి గోడ కట్టారనుకోండి. ఆ రాయిని వయసడిగితే గడి వయసు చెబుతుంది, బడి వయసు చెప్పదు. ఇసుకరాయిలోని రేణువులు కూడా అంతే. అవి ఎక్కడో పాత కొండలు అరిగి కొట్టుకొచ్చినవి.

రామగుండం ఇసుకరాయి విషయంలో ఈ చిక్కు విడిపోవడానికి కారణం గ్లాకొనైట్ అనే పచ్చటి గింజ. అది లోతు తక్కువ సముద్రం అడుగున, ఇసుక పేరుకుంటున్న రోజుల్లో అక్కడికక్కడే పుడుతుంది. అందులో పొటాషియం ఉంటుంది. అంటే బడి కడుతున్నప్పుడు మేస్త్రీ గోడలో తేదీ చెక్కి పెట్టినట్టే. ఆ గింజలను ఒక్కొక్కటిగా తీసుకుని, మెట్టుమెట్టుగా వేడిచేసి, వెలువడిన ఆర్గాన్‌ను కొలిచిన ఫలితాలు 2011లో ప్రచురితమయ్యాయి. రామగుండం ఇసుకరాయి వయసు 156.6 కోట్ల సంవత్సరాలు, అటూ ఇటూ 60 లక్షలు. ఈ లోయలోదే పాండికుంట సున్నపురాయి 168.6 కోట్లు, అటూ ఇటూ 60 లక్షలు. థర్మల్ పవర్ స్టేషన్ పొగ గొట్టాలు కనిపించే ఆ నేల మీద ఒకప్పుడు అలలుండేవి.

అటూ ఇటూ 60 లక్షలా అని నవ్వకండి. 156 కోట్లలో 60 లక్షలంటే వెయ్యికి నాలుగు పాళ్లు కూడా కాదు. నేను వేయించిన చాలా రోడ్ల మందంలో అంతకన్నా ఎక్కువ తేడా ఉంటుంది.

మలేరి తెచ్చుకున్న అప్పు

అన్ని పొరల్లోనూ పచ్చ గింజలు దొరకవు. పాత ఆదిలాబాద్‌లోని మలేరి సంగతి చూడండి. అక్కడి ఎర్రమట్టి పొరల్లో పంది అంత సైజుండే, ముక్కు గద్దలా వంగిన ఒక సరీసృపం ఎముకలు దొరికాయి. దాని పేరు హైపరోడపెడాన్. స్కాట్లాండులో దొరికిన జీవిని హక్స్లీ మొదట వర్ణించాడు. 1869 నాటి పత్రంలో మన మలేరి ఎముకలను కూడా దాని సరసన చేర్చాడు. తర్వాత 1957లో మహలనోబిస్ ఆహ్వానం మీద లండన్ నుంచి వచ్చిన పమేలా రాబిన్సన్, భారత గణాంక సంస్థ బృందం ఈ లోయలో ఏళ్ల తరబడి తవ్వకాలు సాగించారు.

ఎముకలు చాలానే దొరికాయి. గడియారం మాత్రం దొరకలేదు. మలేరి మట్టిలో కొలవదగ్గ అగ్నిపర్వత బూడిద లేదు. మరి దాని వయసు సుమారు 23 కోట్ల ఏళ్లని ఎలా అంటున్నారు? హైపరోడపెడాన్ అర్జెంటీనాలోనూ దొరికింది. అక్కడి ఇషిగువలాస్తో లోయలో ఆ ఎముకలున్న పొరల మధ్య అగ్నిపర్వత బూడిద ఉంది, దానికి ఆర్గాన్ గడియారం పనిచేస్తుంది. ఒకే రకం జీవి ఉంది కాబట్టి ఇంచుమించు ఒకే కాలం అని, అక్కడి వయసును ఇక్కడికి తెచ్చుకున్నారు. ఇంట్లో గడియారం లేనప్పుడు పక్కింటి రేడియోలో వార్తలు విని టైము చెప్పుకున్న రోజులు మనకు తెలియనివి కావు.

అప్పు తెచ్చుకున్న గడియారంతో ఒక సంగతి ఉంది. 1993లో ఆ అర్జెంటీనా బూడిద వయసు 22.8 కోట్లన్నారు. తర్వాత కొలతల ప్రమాణాన్ని సవరించాక అది 23.1 కోట్లయింది. మలేరిలో ఎవరూ గడ్డపార వేయకుండానే మలేరి వయసు కూడా ఆ మేరకు జరిగింది. ఆదిలాబాద్ పత్తి చేలకు నల్లరేగడినిచ్చిన నల్లరాయికి చెప్పుకునే 6.6 కోట్ల ఏళ్ల వయసు కూడా ఎక్కువగా పశ్చిమ కనుమల్లో తీసిన నమూనాల నుంచి వచ్చిందే.

అప్పు కూడా సరిగా పుట్టని సందర్భాలున్నాయి. యామన్‌పల్లి దగ్గర కోట పొరల్లో దొరికిన రాక్షసబల్లికి భూగర్భ సర్వే శాస్త్రవేత్త పి. యాదగిరి 1988లో కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరు పెట్టారు. ఆదిలాబాద్ ఊరి పేరు అలా శాస్త్రంలోకి ఎక్కింది. దాని అస్థిపంజరాన్ని హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో మీలో చాలామంది పిల్లలకు చూపించే ఉంటారు. అదెప్పటిది? కోట పొరల్లోని చేపలను చూసినవాళ్లు తొలి జురాసిక్ అన్నారు. ఆస్ట్రాకోడ్‌లనే గవ్వపురుగులను చూసినవాళ్లు మధ్య జురాసిక్ అన్నారు. తగవు ఇంకా పూర్తిగా తీరలేదు.

అంగారకుడి మీద ఎవరి గడియారం?

రాళ్ల గురించి చదువుతూ పోతే అంగారకుడి దగ్గర తేలాను. అక్కడివాళ్ల బాధ అచ్చం మన మలేరి బాధే అనిపించింది.

అక్కడ కూడా ముందు వరుసే. అంతరిక్ష నౌకలు పంపిన ఫోటోలు చూసి ఏ నేల మీద ఏ లావా పరచుకుందో, ఏ వాగు ఏ గుంటను కోసుకుపోయిందో గమనించి వరుస పేర్చారు. మూడు ప్రధాన యుగాలు: నోవాకియన్, హెస్పీరియన్, అమెజోనియన్. ఈ పేర్లు కూడా అంగారకుడి మీది ప్రాంతాలవే. కింగ్ పాఖాల, సుల్లవాయి అన్నట్టే.

వయసు కోసం గుంటలు లెక్కపెట్టారు. ఉల్కలు పడి ఏర్పడిన గుంటలు. వాన మొదలయ్యాక ఆరుబయట ఒక్కొక్కటిగా పలకలు పెడుతూ పోయామనుకోండి. ముందు పెట్టిన పలక మీద చుక్కలెక్కువ, తర్వాత పెట్టినదాని మీద తక్కువ. గుంటలెక్కువున్న నేల పాతది. అయితే చుక్కలు చూసి నిమిషాలు చెప్పాలంటే వాన ఏ వేగంతో పడుతోందో తెలియాలి. ఆ వేగాన్ని చంద్రుడి దగ్గర అప్పు తెచ్చుకున్నారు. 1969 నుంచి 1972 దాకా ఆరు అపోలో యాత్రలు 382 కిలోల రాళ్లు, మట్టి తెచ్చాయి. ఏ చోటి రాయో తెలుసు, ప్రయోగశాలలో వయసు కొలిచారు, ఆ చోట గుంటలెన్నో లెక్కపెట్టారు. దాంతో చంద్రుడి మీద ఉల్కల వాన వేగం తెలిసింది. 2020 డిసెంబరులో చైనా చాంగె–5 తెచ్చిన, సుమారు 200 కోట్ల ఏళ్ల నాటి రాయి ఆ పట్టికలోని పెద్ద ఖాళీని పూరించింది.

కానీ అంగారకుడు చంద్రుడు కాడు. గ్రహశకలాల పట్టీకి దగ్గరగా ఉన్నాడు, గురుత్వాకర్షణ వేరు, పైగా గాలి ఉంది. గాలి ఇసుకను మోసుకొచ్చి గుంటలను పూడుస్తుంది, కొన్నిచోట్ల చెరిపేస్తుంది. పలకను మధ్యలో ఎవరో తుడిచినట్టు. అందుకే చంద్రుడి వేగాన్ని లెక్కకట్టి మార్చుకున్నా, మధ్యకాలపు నేలల వయసు చెప్పినదానికి రెట్టింపో సగమో అయ్యే అవకాశముందని శాస్త్రవేత్తలే ఒప్పుకుంటారు.

అంగారకుడి రాళ్లు భూమ్మీద లేవా అంటే ఉన్నాయి. 1865 ఆగస్టు 25న బీహార్‌లోని షెర్ఘాటి దగ్గర ఆకాశం నుంచి ఒక రాయి పడింది. ఆ జాతి రాళ్లకు షెర్గొటైట్లని పేరొచ్చింది దాని వల్లనే. అంటార్కిటికాలో దొరికిన అదే జాతి రాయిలో చిక్కుకున్న వాయువులు, 1976లో అంగారకుడి మీద దిగిన వైకింగ్ కొలిచిన గాలితో సరిపోయాయి. అలా వాటి పుట్టిల్లు తెలిసింది. షెర్ఘాటి రాయి గట్టిపడి సుమారు 17 కోట్ల ఏళ్లని ఎక్కువ గడియారాలు చెబుతున్నాయి. సీసం గడియారం చూసిన ఒక బృందం మాత్రం 400 కోట్లకు పైనే అంటోంది. సరే, ఏదో ఒక వయసుంది. కానీ అది అంగారకుడి మీద ఏ చోటి నుంచి లేచి వచ్చిందో తెలియదు. ఉల్కకు వయసుంది, ఊరు లేదు. గుంటలున్న నేలకు ఊరుంది, వయసు లేదు. రెండింటికీ ముడి పడటం లేదు.

ఆ ముడి వేయడానికి జరిగిన తొలి ప్రయత్నం నాకు చాలా నచ్చింది. 2013లో క్యూరియాసిటీ రోవర్ గేల్ అనే గుంటలో 'కంబర్లాండ్' అని పేరు పెట్టిన మట్టిరాయిని తొలిచి, ఆ పొడిని తన కడుపులోని కొలిమిలో వేడిచేసి, వెలువడిన ఆర్గాన్‌ను అక్కడే కొలిచింది. పొటాషియంను ఇంకో పరికరం కొలిచింది. రామగుండం పచ్చ గింజలకు వాడిన గడియారం కూడా ఇదే. కాకపోతే ఇక్కడ చల్లటి ప్రయోగశాల, అక్కడ మనిషన్నవాడు లేని ఎడారి. వచ్చిన జవాబు 421 కోట్ల సంవత్సరాలు, అటూ ఇటూ 35 కోట్లు. మన గ్రానైట్‌కు అది ముత్తాత వరస.

మన గడి రాళ్ల, బడి గోడ చిక్కు అక్కడా ఉంది. అది మట్టిరాయి. ఆ మట్టి పైనున్న పాత కొండల నుంచి కొట్టుకొచ్చింది. కాబట్టి 421 కోట్లు ఎక్కువగా ఆ కొండల వయసే. నీళ్లలో మట్టి పేరుకున్నది అంతకు తర్వాతే.

అదే పొడి ఇంకో సంగతి కూడా చెప్పింది. అంతరిక్షం నుంచి వచ్చే కాస్మిక్ కిరణాలు రాయి పై పొరలో తగిలి కొన్ని రకాల హీలియం, నియాన్, ఆర్గాన్ పరమాణువులను పుట్టిస్తాయి. మీటర్ల లోతులో ఉన్న రాయికి ఆ దెబ్బ తగలదు. అవి ఎంత పోగయ్యాయో కొలిస్తే రాయి ఎండ మొహం చూసి ఎన్నాళ్లయిందో తెలుస్తుంది. కంబర్లాండ్ బయటపడి 7.8 కోట్ల ఏళ్లయిందట, అటూ ఇటూ 3 కోట్లు. గాలి పక్కనున్న చిన్న గట్టును కొద్దికొద్దిగా కొరుకుతూ పోవడం వల్ల అది బయటపడింది. మన ఆదిలాబాద్ నల్లరాయి లావాగా పొంగిన కాలానికి అటూ ఇటూగా అక్కడ గాలి ఒక గట్టును తొలుస్తోందన్న మాట.

2021 ఫిబ్రవరిలో దిగిన పర్సివరెన్స్ రోవర్ జెజెరో గుంటలో రాళ్లను గొట్టాల్లో నింపి పెట్టింది. వాటిని భూమికి తెచ్చే పని ఇంకా జరగలేదు. తెచ్చిన రోజు అంగారకుడికి సొంత గడియారం వస్తుంది. ఊరూ వయసూ రెండూ తెలిసిన రాళ్లు చేతికొస్తాయి.

మన గుట్ట లెక్క

ఇక మన గుట్ట.

కొన్నేళ్ల కిందట ఒక రోడ్డు వెడల్పు పనికి నేనే ఇంజినీరును. కంకర లారీలు వచ్చేవి. నలభై ఎం.ఎం., ఇరవై ఎం.ఎం. అని వేరుచేసి, పొడవు, వెడల్పు, మందం కొలిచి, ఎం.బి.లో ఘనపు మీటర్లు రాసి సంతకం పెట్టేవాణ్ని. ఎం.బి.లో రాయి వయసుకు కాలమ్ లేదు. ఆ కంకరలో కొంత మన గుట్టది. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది. అప్పుడు అడగాలని కూడా తోచలేదు. పనయ్యాక ఒకరోజు బడికి వెళ్తే, మనం పులిహోర తిన్న బండ లేదు. కాకతీయుల గోడా లేదు. గుట్ట సగమే ఉంది.

రోడ్డు వద్దనను. ఆ రోడ్డు మీదే మన ఊరి ఆడపిల్లలు ఇప్పుడు బస్సెక్కి కాలేజీకి వెళ్తున్నారు. అయితే గాలి ఒక చిన్న గట్టును కోట్ల ఏళ్లు తొలిస్తే, మనం ఒక గుట్టను పదిహేనేళ్లలో ముగించాం. చదవకముందే పుస్తకం చించినట్టయింది. అందులో నా సంతకం కూడా ఉంది.

అందుకే స్వర్ణోత్సవ సందర్భంగా రెండు విన్నపాలు. మిగిలిన సగం గుట్టను బడి పేర వదిలేయమని సంఘం తరఫున కలెక్టరు గారికి ఒక దరఖాస్తు ఇద్దాం. రెండోది, బడి వరండాలో రాళ్లను వరుసగా పెడదాం: కరీంనగర్ గ్రానైట్, రామగుండం ఇసుకరాయి, సింగరేణి బొగ్గు, ఆదిలాబాద్ నల్లరాయి. కంకర యార్డుల్లో, బావి తవ్విన గట్ల మీద దొరికేవి చాలు. ఎముకల శిలాజాలు ఎక్కడైనా కనబడితే తవ్వకుండా భూగర్భ సర్వేకు కబురు చేద్దాం. ప్రతి రాయి కింద పలక మీద ఊరు, వయసు, అటూ ఇటూ ఎంత, ఆ వయసు ఏ గడియారంతో తెలిసింది, సొంతానిదా అప్పు తెచ్చిందా అన్నవి రాద్దాం. ఆఖరిది తప్పకుండా రాయాలి. "ఎట్ల తెలుసుకుంటరో" అనే కదా సారు అడిగింది.

మొదటి పలక నేను రాసి తెస్తాను. సారుకు ఇవ్వాల్సిన జవాబు కూడా అదే: గుట్ట సుమారు రెండు వందల యాభై కోట్ల ఏళ్లది సార్. కాకపోతే అది చుట్టుపక్కల గ్రానైట్ల దగ్గర అప్పు తెచ్చుకున్న వయసు. మన గుట్ట రాయిని ఎవరూ ఇంకా కొలవలేదు. కొలవడానికి సగం మిగిలి ఉంది.